కొబ్బరినీళ్ల తుప్పు

2024 దసరా తర్వాతి సోమవారం నాచారం పారిశ్రామికవాడలోని మా టూల్‌రూమ్‌లో నేనొక మాట చెప్పాల్సి ఉండి చెప్పలేదు. "మెషీన్ తుడుస్తానన్నది నేను సార్, మరిచిపోయిందీ నేనే." ఇంతే. ఆ మాట మింగేసినందుకు పద్నాలుగేళ్లు నా పక్కన పనిచేసిన మనిషికి చెడ్డపేరు వచ్చింది. అప్పట్లో మాతో పనిచేసి వెళ్లిపోయిన వాళ్లు ఇప్పటికీ జరిగింది వేరే విధంగా చెప్పుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

టూల్‌రూమ్ అంటే ప్లాస్టిక్ మూతలు, డబ్బాలు పోసే ఉక్కు అచ్చులు తయారయ్యే చోటు. నేనక్కడ సూపర్‌వైజర్‌ని. ఖలీల్ భాయ్ సర్ఫేస్ గ్రైండర్ ఆపరేటర్. ఉక్కు పలకను అద్దంలా చదును చేసే యంత్రం అది. దాని బల్ల ముందుకీ వెనక్కీ జారే పట్టాలను స్లైడ్‌వే అంటాం. వాటికి రంగు వేయరు. నూనె పొర ఒక్కటే వాటిని కాపాడేది.

నేను వేంకటేశ్వరస్వామిని నమ్ముకున్నవాణ్ణి. శనివారం ఒంటిపూట భోజనం. ఖలీల్ భాయ్ అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. మేం కలిసి పనిచేసిన మొదటి ఏడాది ఆయుధపూజ ప్రసాదం ఇస్తే తీసుకోలేదు. నా మనసు చివుక్కుమంది. అది నా మొహంలో కనిపించినట్టుంది.

"పూజల పెట్టింది మేం తినం అన్నా. నీ దేవుని మీద కోపం గాదు. మా దాంట్ల లేదు," అన్నాడు. "నువ్వు మా ఇంటికొస్తే హలీం తింటవా?"

"తినను."

"మరి నేనేమన్న అనుకుంటనా?"

ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు. రంజాన్ నెలలో ఆయన ముందు నీళ్లు తాగడానికి నేను మొహమాటపడితే, "తాగన్నా, ఉపాసం నాది, నీది కాదు" అనేవాడు. శనివారం సాయంత్రం ఆకలితో నాకు చిరాకు పెరిగితే, "ఎంకన్న సామి ఇయ్యాల చాయ్‌కు గూడ పర్మిషన్ ఇయ్యలేదా?" అని నవ్వి, ఒక అరటిపండు నా బల్ల మీద పెట్టి పోయేవాడు.

ఆయుధపూజ రోజు పొద్దున్నే గ్రైండర్‌ను ఆయనే శుభ్రం చేసేవాడు. మేం మెషీన్‌కు బొట్లు పెట్టడానికి రంగు వేసిన దాని పక్క తలుపు చూపించి, స్లైడ్‌వే మీద మందపాటి ప్లాస్టిక్ షీటు కప్పేవాడు. కొబ్బరినీళ్లు ఇనుముకు పడవు. రెండు రోజులు నిలిచాయంటే తుప్పు తినేస్తుంది. హారతి సమయంలో గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడేవాడు. అది అయిపోగానే లోపలికొచ్చి, షీటు తీసి, తుడిచి, నూనె రాసి చిల్కానగర్‌లోని ఇంటికి వెళ్లేవాడు.

ఆ ఏడు పూజ శుక్రవారం వచ్చింది. పంతులుగారు ఆలస్యం చేశారు. జుమ్మా నమాజుకు వేళవుతుంటే ఖలీల్ భాయ్ గడియారాన్నీ గ్రైండర్‌నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"పో భాయ్, నేను తుడుస్త," అన్నాను.

"షీటు తియ్యకన్నా. నూనె మర్సిపోకు."

"పద్నాలుగేండ్ల సంది చూస్తున్న, నాకే చెప్తవా?"

ఆయన వెళ్లాడు. పంతులుగారు వచ్చారు. దండ వేయబోతే షీటు అడ్డొచ్చింది. అమ్మవారి పూజలో ఈ ప్లాస్టిక్ ఏమిటనిపించింది. లాగేశాను. కొబ్బరికాయ గ్రైండర్ అంచుకే కొట్టాను. నీళ్లు స్లైడ్‌వే మీదికి చిమ్మాయి. తర్వాత ఫోటోలు, ప్రసాదాలు, ఉప్పల్‌లోని ఇంటికి చేరాలన్న తొందర. శనివారం దసరా, ఆదివారం సెలవు. షట్టర్ దించేటప్పుడు కూడా తుడవాలని నాకు గుర్తు రాలేదు.

సోమవారం చూస్తే స్లైడ్‌వే నిండా గోధుమరంగు మచ్చలు, గోటికి తగిలే గుంటలు. మేనేజర్ వచ్చి ఎవరి నిర్వాకం ఇది అని అడిగాడు. వెనక నుంచి మా ఫిట్టర్ యాదగిరి అందుకున్నాడు: "మన పూజంటే ఆయనకు పడదు గద సార్. గట్లనే ఇడిసిపెట్టి పోయిండు."

"నేను నమాజుకు పోయిన సార్," అన్నాడు ఖలీల్ భాయ్. అంతవరకే చెప్పి నా వైపు చూశాడు. మిగిలింది నేను చెబుతానని చూశాడు. సూపర్‌వైజర్ అయ్యుండి షీటు లాగేసి, తుడుస్తానని మరిచాడంటారని నాకు భయం. వంగి ఆ మచ్చల్ని వేలితో తడుముతూ ఉండిపోయాను.

ఆయన్ని ఉక్కు కోసే సెక్షన్‌కు మార్చారు. ఒక్కసారి కూడా నన్ను నిలదీయలేదు. ఎందుకట్ల జేసినవని అడిగినా బాగుండేది. రెండు నెలలకు పని మానేశాడు.

గ్రైండర్ బాగైంది. కొత్త ఆపరేటర్ మంచివాడే. కానీ ఉక్కును అరగదీసే రాయి మొద్దుబారిందని చప్పుడు విని చెప్పే మనిషి లేడు. శనివారం సాయంత్రం అడుగుల చప్పుడైతే ఆయనేమోనని తలెత్తుతాను. నా నియమాన్ని వేళాకోళం చేస్తూనే దాన్ని నాకంటే బాగా గుర్తుపెట్టుకున్న మనిషి ఆయన. మా పూజ వల్ల ఎవరికీ నష్టం రాకూడదని ఆ గదిలో అందరికంటే ఎక్కువ పట్టింపు ఉన్నది, ఆ పూజను నమ్మని వాడికే. నేను నమ్మేవాణ్ణి. అమ్మవారి ముందు ఇచ్చిన మాటే తప్పాను.

పోయిన ఆయుధపూజకు హారతి పళ్లెం చేతికిస్తే అందుకోలేకపోయాను. మేనేజర్ ఉండగానే, అందరి ముందు జరిగింది చెప్పేశాను.

"గిన్నొద్దులు ఏం జేసినవ్ శంకరన్నా?" అన్నాడు యాదగిరి.

వారం తర్వాత, ఆయన ఇప్పుడు పనిచేసే చోటు కనుక్కుని అన్నోజిగూడ వెళ్లాను. హైవే పక్కన చిన్న షెడ్డులో ఖలీల్ భాయ్ గ్రైండర్ నడుపుతున్నాడు. గడ్డం బాగా నెరిసింది. నన్ను చూసి మెషీన్ ఆపాడు.

"ఏందన్నా, గింత దూరమొచ్చినవ్?" అంటూ స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు. మా వాళ్లందరికీ నిజం చెప్పేశానని చెప్పాను.

"గదంతా ఎప్పుడో అయిపోయింది. కూసో, చాయ్ చెప్త."

"నాకింక అయిపోలే భాయ్. జర ఇను. మెషీన్ గురించి గాదు నేనొచ్చింది. మా పూజంటే నీకు గిట్టదని నా ముందటనే అన్నరు. నీ సంగతి నాకెరికె. ఎరికుండి ఊకున్న. నన్ను మాఫ్ చెయ్యి."