చూపరులు లేని విసురు

ఆఫీసుల్లో మాస్కులు తీసేసిన ఏడాది అది, 2022. సింగపూర్‌లో బ్యాంకులన్నీ ఉండే రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా బ్యాంకు ఉద్యోగులు. మెడనొప్పి, నడుంనొప్పి, అన్నీ కుర్చీ తెచ్చిపెట్టిన బాధలే.

ఒక మధ్యాహ్నం ఆరడుగులు దాటిన కుర్రవాడు కుడి భుజం పట్టుకుని వచ్చాడు. నా కోటు మీద పేరు చదివి, "తెలుగా ఆంటీ?" అన్నాడు. పేరు విక్రమ్. పుట్టి పెరిగింది టెక్సాస్‌లో. బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి ఏడాదయింది.

"నిద్రలో ట్విస్ట్ అయింది, అంతే," అన్నాడు.

పడుకోబెట్టి, మోచేయి మడిచి, చేతిని మెల్లగా తల వెనక్కి వంచాను. దీన్ని అప్రిహెన్షన్ టెస్ట్ అంటాం. కీలు జారిపోతుందన్న భయం మనిషిలో ఉందా అని చూసే పరీక్ష. సగం దూరమైనా వెళ్ళకముందే ఎడమచేత్తో నా మణికట్టు పట్టేసుకున్నాడు. ముఖం పాలిపోయింది. భుజం మీద సర్జరీ గాట్లు కనిపించాయి.

"ఇది నిద్రలో మెలిపడ్డ భుజం కాదు బాబూ."

"ఫుట్‌బాల్ ఆంటీ. కాలేజీలో."

"గోల్‌కీపర్‌వా?"

మొదటిసారి నవ్వాడు. "ఇక్కడి ఫుట్‌బాల్ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్. నేను క్వార్టర్‌బ్యాక్."

బల్ల అంచున కూర్చుని చెప్పాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టులో బంతి విసిరేవాడు. పరుగెత్తే తోటివాడు ఎక్కడికి చేరబోతున్నాడో ఊహించి అక్కడికి విసరాలి. ఈలోగా అవతలి జట్టు అతన్ని పడగొట్టడానికి మీద పడుతుంది. స్కూల్లో ఉన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో విక్రమ్‌ని గుర్తుపట్టని వాళ్ళు లేరట. తీరా కాలేజీకి వెళ్ళాక మూడేళ్ళు గీత బయటే నిలబడ్డాడు. నాలుగో ఏట అసలు ఆటగాడికి దెబ్బ తగిలి ఇతనికి అవకాశం వచ్చింది. వరసగా గెలిపించాడు. ఒక మ్యాచ్‌లో చేయెత్తి విసరబోతుండగా పక్కనుంచి ఒకడు వచ్చి గుద్దాడు. భుజం కీలు ఊడింది. దానితో అతని ఆటే ముగిసింది.

స్కాన్ తీయించాం. కీలు గిన్నె చుట్టూ ఉండే లేబ్రమ్ అనే అంచు చిరిగితే, అక్కడి డాక్టర్లు చక్కగానే కుట్టారు. లోపం కుట్టులో లేదు. సర్జరీ తర్వాత అతను ఆ చేతిని నమ్మడం మానేశాడు. రైల్లో కడ్డీ పట్టుకోవడానికీ ఎడమ చేయే. వాడకపోవడంతో కండ చిక్కిపోయింది.

నెలల తరబడి రబ్బరు పట్టీలతో వ్యాయామాలు చేయించాను. అతను ఒక్క రోజూ మానలేదు. అయిపోయాక కూడా వెంటనే వెళ్ళేవాడు కాదు.

"శనాదివారాలు ఏం చేస్తావు?" అని అడిగాను.

"జిమ్. లాండ్రీ. అమ్మకి వీడియో కాల్."

"ఆఫీసులో స్నేహితులు లేరా?"

"నైస్ పీపుల్ ఆంటీ. హాకర్ సెంటర్‌లో లంచ్‌కి టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకూ సీటు చోప్ చేసి ఉంచుతారు. ఒకసారి నా ఫుట్‌బాల్ గురించి చెప్పాను. 'ఓ, లైక్ రగ్బీ లా,' అన్నారు. అంతే, టాపిక్ అయిపోయింది."

చికిత్సలో చివరి దశ త్రోయింగ్ ప్రోగ్రామ్. దగ్గర నుంచి మొదలుపెట్టి, దూరం పెంచుకుంటూ బంతి విసరాలి. ఎదుట పట్టేవాళ్ళు కావాలి, ఎవరినైనా తీసుకురమ్మన్నాను. చేతిలోని రబ్బరు పట్టీ చుట్టి పక్కన పెట్టాడు.

"ఎవరున్నారు ఆంటీ?"

ఆదివారం సాయంత్రం సెరంగూన్‌లో మా ఫ్లాట్ దగ్గరి మైదానానికి రమ్మన్నాను. రెండు కొసలూ మొనదేలిన ఆ బంతి నా చేతుల్లో నిలవలేదు. జారి, పక్కన క్రికెట్ ఆడుతున్న షిప్‌యార్డ్ పనివాళ్ళ దగ్గరికి దొర్లింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన అప్పలనాయుడు దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటండి ఇది, కొబ్బరికాయేటి? మీరు తప్పుకోండమ్మా, వేలు ఇరిగిపోద్ది. నాను పడతాను."

నాలుగైదు విసుర్లయ్యాక విక్రమ్ అతన్ని ఇంకా వెనక్కి వెళ్ళమని చేయి ఊపాడు. నేను అనుకున్న దూరం ఎప్పుడో దాటిపోయింది. కీలు మళ్ళీ జారితే రెండో సర్జరీ తప్పదు. వద్దని అరవబోయాను. అప్పటికే అతను ఒక అడుగు వెనక్కి వేసి చేయెత్తాడు. మోచేయి తల వెనక్కి వెళ్ళింది. క్లినిక్‌లో నా మణికట్టు పట్టుకుని ఆపించిన భంగిమ అదే. ఈసారి ఆగలేదు. బంతి పైకి లేచి, వంకర పోకుండా గిర్రున తిరుగుతూ వెళ్ళి, పరుగెత్తుతున్న అప్పలనాయుడి చేతుల్లో దిగింది.

"సూపరండీ!" అని అరిచాడతను. ఇంతలో అతని బ్యాటింగ్ వచ్చిందని కేక వినిపించింది. బంతి మా వైపు దొర్లించి వెళ్ళిపోయాడు.

విక్రమ్ చుట్టూ చూశాడు.

"నొప్పి ఉందా?" అని పరుగున వెళ్ళాను.

"లేదు." బంతి చేతిలోకి తీసుకుని, "అది చాలా మంచి త్రో ఆంటీ. కాలేజీలో కూడా అలాంటివి కొన్నే వేశాను. మీకు తెలియలేదు కదా?" అన్నాడు.

"తెలియలేదు బాబూ. దూరం వెళ్ళిందని మాత్రం తెలిసింది."

తలూపి గడ్డిలో కూర్చున్నాడు. భుజానికి ఐస్ కడుతుంటే, అతని ఏడుపు వెక్కిళ్ళు నా అరచేతికి తెలిశాయి.

ఆ నెలలోనే చికిత్స ముగించాను. తర్వాత రెండు ఆదివారాలు అప్పలనాయుడి వాళ్ళతో క్రికెట్ ఆడాడట. వాళ్ళ మాటల్లో సగం ఇతనికి, ఇతని మాటల్లో సగం వాళ్ళకి అర్థం కాలేదు. కొన్నాళ్ళకి బ్యాంకు వాళ్ళు సిడ్నీకి మార్చారు.

ఇప్పుడు ఆటగాళ్ళెవరైనా దెబ్బతో వస్తే, నొప్పి సంగతి అడిగాక ఆట సంగతి అడుగుతాను. అందులో గొప్పది ఎలా ఉంటుందో చూపించమంటాను. కొందరు ఫోన్‌లో వీడియోలు పెడతారు, కొందరు లేచి నిలబడి చేసి చూపిస్తారు. చేయి ఎంత పైకి లేచిందో కొలవడం నా చదువు నేర్పింది. ఆ చేయి చేసిన పనిని చూడడం మాత్రం ఆ ఆటగాళ్ళే నాకు నేర్పాలి. ఆ సాయంత్రం విక్రమ్ విసిరిన బంతి ఎంత గొప్పదో తెలిసిన మనిషి మైదానం మొత్తం మీద అతనొక్కడే.