రెండు ఫొటోల నడుమ

మా పెద్దబాపు కొడుకు మా తమ్ముడి తల పగలగొట్టినప్పుడు నా కెమెరా ఎదురుగానే ఉంది. అయినా దెబ్బ దానికి దొరకలేదు.

ఆసిఫాబాద్ అవతల, గుట్ట కింద మా చేను. బాపు పోయాక తమ్ముడే పత్తి పెడుతున్నాడు. పక్క చేను పెద్దబాపు కొడుకుది, నాకు అన్న. ఆయన ట్రాక్టరు కొన్నప్పటి నుంచి ప్రతి దుక్కికీ మా నడుమ హద్దు గెట్టు ఒక సాలు సన్నబడుతోంది. అడిగితే "మట్టి కదా చెల్లె, వానకు కరుగుతది" అంటాడు. ఏ వానైనా ఒక్క వైపే కరిగిస్తుందా? ఈ మాట ఊరి పెద్దమనుషుల ముందూ అడిగాను, సర్వేయరు ముందూ అడిగాను. "నువ్వు కరీంనగర్‌ల ఉంటవు, నీకేం ఎరుక" అన్నారు. సరే, నా బదులు అక్కడే ఉండి చూసేదాన్ని తెచ్చి పెడతాననుకున్నాను.

"సిమ్ము ఏస్తే ఇంట్ల కూసోని ఫోన్ల చూడొచ్చు మేడం" అన్నాడు కెమెరాల దుకాణం ఆయన.

"మా గుట్ట కింద మనిషి కేకేస్తేనే వినపడదు, సిగ్నల్ ఎక్కడిది?" అన్నాను.

నెట్టుతో పని లేకుండా, తీసిన ఫొటోలు లోపలి కార్డులోనే దాచుకునే కెమెరా తీసుకున్నాను. నెట్టు లేదు కాబట్టి తారీఖూ టైమూ మనమే చెప్పాలి. చేతి గడియారం చూసి ఎక్కించాను. నిమిషానికో ఫొటో పెడితే బ్యాటరీ వారం కూడా ఆగదు. పది నిమిషాలకొకటి అయితే నెల దాటుతుంది. గెట్టు నిమిషంలో లేచి పారిపోదు కదా అని పది పెట్టాను. ముందు మా డాబా మీద పెట్టి చూశాను. తన బట్టల దండేనికి ఫొటోలు తీస్తున్నానని పక్కింటావిడ కొట్లాటకు వచ్చింది. ఆవిడ చీరలు ఆరడం చూసేంత తీరిక నాకు లేదని చెప్పి పంపాను.

పాత కరెంటు మీటరు ఇనుప డబ్బాలో కెమెరా బిగించి, ముందు అద్దం పెట్టాను. చెమ్మ పీల్చడానికి లోపల చిన్న గుడ్డమూటలో బియ్యం వేశాను. తమ్ముడు టేకు గుంజ పాతాడు. డబ్బా బిగిస్తుంటే అన్న వచ్చాడు.

"ఏందే చెల్లె, నా చేనుకు దిష్టిబొమ్మ కడుతున్నవా?"

"దిష్టిబొమ్మకు కండ్లు కనపడయన్నా. దీనికి కనపడతయి."

"ఈడ నెట్టే లేదు. గదేం జూస్తది?"

"చూస్తది. నాకు అప్పటికప్పుడు చెప్పదు, గంతే."

వెనక పత్తికట్టె ఏరుతున్న వదిన నవ్వింది. ఆయన తిరిగి చూడగానే నవ్వు మింగేసింది.

తొలి వాన పడగానే అన్న ట్రాక్టరు దింపాడు. నాగళ్లకు తగిలి హద్దురాయి లేచింది. తమ్ముడు అడ్డం పోయాడు. నాకు ఫోను వచ్చేసరికి వాడు ఆసుపత్రిలో ఉన్నాడు. పార అంచు చెవి మీది నుంచి నడినెత్తి దాకా చీల్చింది. చెవి సగం ఊడి వేలాడుతోంది. కుట్లు వేస్తుంటే మంచం పట్టె పట్టుకుని పండ్లు కొరికాడు. నన్ను చూడగానే వాడి నోట వచ్చిన మొదటి మాట, "అక్కా, కెమెరా."

అన్న అప్పటికే స్టేషన్‌లో చెప్పేశాడు: "తాగి హద్దురాయి మీద పడ్డడు సార్." తమ్ముడు అప్పుడప్పుడు తాగుతాడు. అందరూ నమ్మారు. ఇంట్లోనే ఉన్నాను, ఏమీ చూడలేదని వదిన చెప్పింది.

చేనుకు పోయి, వదిలేస్తే పగలగొడతాడని డబ్బాతో సహా కెమెరా ఊడదీశాను. కార్డు లాప్‌టాప్‌లో పెట్టాను. ఒక ఫొటోలో ట్రాక్టరు ఆగి ఉంది. తమ్ముడు వేలెత్తి ఏదో అంటున్నాడు. అన్న భుజం మీద పార. తర్వాతి ఫొటోలో తమ్ముడు నేల మీద, చుట్టూ మట్టి నల్లగా తడిసి. వాడి తల ఒళ్లో పెట్టుకుని, కొంగు అదిమి పట్టి కూర్చుంది వదిన.

ఎస్సై రెండూ చూశాడు. "కొట్టినట్టు ఏడున్నదమ్మా గిండ్ల? ముందు నిలబడ్డడు, తర్వాత పడ్డడు. పడ్డంక మీ వదిన ఉరికొచ్చి పట్టుకున్నదేమో. పడ్డడనే కదా ఆయన కూడ అంటున్నది."

ఆ పది నిమిషాలను నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి, లాప్‌టాప్, డబ్బా సంచిలో వేసుకుని, వదినతోనే నిజం చెప్పించాలని అన్న ఇంటికి పోయాను. ఆయన లేడు. వదిన ఎడమ చేతికి వెదురుబద్ద పెట్టి గుడ్డ చుట్టి ఉంది. బావి కాడ జారానంది. ఫొటో ముందు పెట్టాను.

దగ్గరికి వంగి చూసింది. "నా కొంగు గింత ఖరాబైందా" అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "నువ్వు మంచి ఆడిబిడ్డవు! కెమెరాకు బియ్యం మూట గట్టినవు, చెమ్మ తగులుతదని. నన్నేం జేస్తరని అడిగినవా? గీ ఫొటో పట్టుకొని నువ్వు కరీంనగర్ బస్సెక్కుతవు. గీ ఇంట్ల ఉండేది నేను."

లాప్‌టాప్ మూయబోయాను.

అంతలో అన్న వచ్చాడు. తెర మీద పెండ్లాన్ని చూశాడు. లాప్‌టాప్ లాక్కుని వాకిట్లో బండకేసి కొట్టాడు. రెండు ముక్కలైనా ఆగలేదు. కార్డు దొరకబుచ్చుకుని రాయితో నలిపాడు. "ఇంట్ల ఉన్న అని చెప్పమంటే, ఫొటోల దొరికినవానే?" అంటూ వదినను ఆ బద్ద కట్టిన చేతి మీదే తన్నాడు. ఆమె అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. మళ్లీ కాలెత్తాడు. నా చేతికి ఇనుప డబ్బా అందింది. మూతి మీద కొట్టాను. అద్దం పగిలింది. మూట విప్పుకుని బియ్యం వాకిలంతా చిందింది. ఆయన ఆ బియ్యంలోనే కూలబడి పన్నూ నెత్తురూ ఉమ్మాడు. ఇంకోసారి ఎత్తాను. వదిన అడ్డం వచ్చింది.

"సాలు. ఫొటో పోయింది గదా?"

"పోయింది."

"పోతే పోయింది. నేనున్న గదా. ఆటో ఆపు, పద."

స్టేషన్‌లో ఎస్సై నా చీర మీది నెత్తురు చూసి లేచాడు. "నా సంగతి తర్వాత రాసుకోండి, ముందు ఆమెది" అన్నాను. వదిన బల్ల ముందు కూర్చుంది.

"కొట్టిండు సార్. పారతోని. నేను చూసిన."

"ఇంట్ల ఉన్న అన్నవు గదమ్మా? ఎన్ని దెబ్బలు కొట్టిండు?"

"రెండు. మొదటిది మా మరిది నెత్తి మీద."

"ఆస్పత్రోల్లు ఒక్కటే రాసిండ్రు. రెండోది ఏది?"

వదిన ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి, పండ్లతో ముడి లాగి, గుడ్డ విప్పడం మొదలుపెట్టింది.