కుండలు పగలగొట్టే మాస్టారు

వేంకటాచలం మాస్టారు వస్తున్నారంటే ఆ వీధిలో ఎవరూ ముందు కుర్చీ వేసేవారు కాదు, కుండలు దాచేవారు. ఏలూరు హైస్కూల్లో చరిత్ర పాఠం చెప్పే ఆ పెద్దమనిషికి ఉన్నది ఒకటే జబ్బు. కుండ గానీ, కూజా గానీ, జాడీ గానీ కంటపడితే పగలగొట్టి లోపలి మట్టి చూడాలి. ఎందుకిలా చేశారండీ అని నిలదీస్తే, తడుముకోకుండా, "లోపల ఎలా కాలిందో చూద్దామనండి," అనేవారు.

1936 నాటికి ఆ ఒక్క వీధిలోనే ఆయన ఖాతాలో ఇరవై మూడు పడ్డాయి. మజ్జిగ కుండలు, నీళ్ళ కూజాలు, పప్పు వండే దాకలు, ఆఖరికి ఎదురింటి సత్యవేణమ్మ గారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న మాగాయ జాడీ. మాగాయ నేలపాలైన రోజున ఆవిడ అన్న మాటలు అచ్చులో పెట్టడానికి వీల్లేనివి. మాస్టారు తల వంచుకుని అన్నీ విన్నారు. పెంకులు ఏరి కండువాలో మూటగట్టుకుని ఇంటికి పోయి, ఒక్కొక్క దాని మీదా తేదీ, ఇంటి గుర్తు రాసి దాచుకున్నారు. ఇలాంటి మనిషితో కాపరం చేస్తున్నందుకు ఆయన భార్య రాజ్యలక్ష్మి గారిని చూసి వీధి వీధంతా జాలిపడేది.

ఈ భాగోతాన్ని పదకొండేళ్ళుగా మోస్తున్నవాడు దేవసహాయం. అదే స్కూల్లో డ్రాయింగు మాస్టరు. మోసేవాడంటే మాటవరసకి కాదు, నిజంగానే బుట్ట మోసేవాడు. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే ఇద్దరూ జట్కా ఎక్కి పెదవేగి దిబ్బల మీదికి పోవడం, మాస్టారు ఒంగి పాత పెంకులు ఏరడం, దేవసహాయం వాటిని తెచ్చి సన్న పాళీతో బొమ్మలు గీయడం. వీధిలో పగిలినవాటితో కలిపి అప్పటికి పదమూడు వందల పెంకులు గీశాడు. మోకాళ్ళు పోయాయి. కళ్ళు సగం పోయాయి. ఇవి చాలనట్టు, మాస్టారు ఎవరింట్లోనైనా కుండ పగలగొట్టి వెళ్ళిపోతే, వెనకాల నిలబడి, "ఏమీ అనుకోకండి, ఆయన మనసు మంచిదండి," అని సర్దిచెప్పడం కూడా ఇతని పనే. ఆ మాట ఎంత అలవాటైపోయిందంటే, ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన చివర ఆమెన్ అనబోయి, "ఏమీ అనుకోకండి," అనేశాడు. పాదిరిగారు కళ్ళు తెరిచి మరీ చూశారు.

దిబ్బల మీద మాస్టారి ధోరణి వేరు. చిల్లపెంకు ఒకటి దొరికితే చాలు, వెయ్యేళ్ళ నాటి ఆ ఇంట్లో దూరి పీట వేసుకుని కూర్చునేవారు. ఈ మూకుడు అంచు ఒక పక్కనే అరిగింది కాబట్టి ఆ ఇల్లాలిది ఎడమచేతి వాటం అనేవారు. ఈ కుండకి మసి రెండు వరసలు పట్టింది, ఇంటికి ఎవరో చెప్పకుండా వచ్చి ఉంటారు, పాపం మళ్ళీ పొయ్యి వెలిగించింది అనేవారు. ఎండ నెత్తిన మాడుస్తుంటే దేవసహాయం అన్నిటికీ, "అవునండి," అనేవాడు. కాదంటే ఇంకో అరగంట పడుతుందని అతనికి తెలుసు.

"రాజుల సంగతి చెప్పడానికి శాసనాలున్నాయయ్యా. వాళ్ళ వంటింట్లో మనిషి సంగతి ఈ కుండే చెప్పాలి," అనేవారు మాస్టారు.

"అవునండి. మరి మన వీధిలో కొత్త కుండలు ఏం పాపం చేశాయండి?" అని దేవసహాయం ఒకసారి ఉండబట్టలేక అడిగాడు. మాస్టారు వినపడనట్టు ఇంకో పెంకు కోసం ఒంగారు.

ఆ ఏడు వేసవిలో కొల్లేరు బాగా ఇంకింది. కలిదిండి వైపు ఒక లంకలో గట్టుకి మట్టి తీస్తుంటే, బురదలో చెక్కుచెదరని పాత కుండ ఒకటి బయటపడింది. అంచైనా చిట్లలేదు. కబురు అందగానే ఇద్దరూ పోయి గడ్డిలో చుట్టి తెచ్చుకున్నారు. పదకొండేళ్ళలో పగలని వస్తువు దొరకడం అదే మొదలు. మాస్టారు ఆ కుండను కొట్టడం మాట దేవుడెరుగు, ముట్టుకోవడానికి కూడా భయపడ్డారు. దేవసహాయానికి ఇదొక వింతగా తోచింది.

హెడ్మాస్టరు గారు మాటిచ్చారు, కుండ ఏలూరులోనే ఉండేటట్టయితే వరండా చివరి గది ఖాళీ చేసి ఇస్తానని. పెంకులు అక్కడ పేర్చవచ్చు, దేవసహాయం బొమ్మలు గోడలకి కట్టవచ్చు. అయితే పురావస్తు శాఖ ఆఫీసరు సుబ్బరాజు గారు మద్రాసు నుంచి వచ్చి చూసి, సరేననాలి. ఆయన కాదంటే కుండ మద్రాసు పోతుంది, గదిలో పాత బెంచీలే ఉంటాయి. దేవసహాయం ఆ వారం రోజులూ సరిగా నిద్రపోలేదు. పదకొండేళ్ళ కష్టం ఒక గోడకైనా ఎక్కాలని అతని ఆశ.

మాస్టారి ఇల్లు ఇరుకు. అందుకని ఆఫీసరుగారికి కుండ చూపించడానికి ఎదురింటి సత్యవేణమ్మ గారు తమ అరుగు ఇస్తామన్నారు. ఆవిడంతట ఆవిడే ఇస్తామనేసరికి దేవసహాయానికి అనుమానం వచ్చింది. అనుకున్నట్టే, ఆఫీసరుగారు కూర్చునే వేళకి ఆ ఇరవై మూడింటి పెంకులూ మాస్టారింటి నుంచి తెప్పించి, బుట్టలో పోయించి సాక్ష్యానికి సిద్ధంగా పెట్టారావిడ.

సుబ్బరాజు గారు ముందు బొమ్మలు చూసి, ఇంత శ్రద్ధగా గీసినవి మద్రాసులో కూడా చూడలేదన్నారు. తరవాత కుండ చూశారు. మాస్టారు గొంతు తగ్గించి, లోపల అడుగున ఉన్న గీతలు చూపించారు. అందరూ తిన్నాక మిగిలిన మాడు ఎవరో రోజూ గోక్కుని తిన్న గీతలవి అన్నారు. ఆఫీసరుగారు కుండలో చెయ్యి పెట్టి ఆ గీతలు ఒక్కొక్కటే తడిమారు.

అప్పుడు కాఫీలు వచ్చాయి. తెచ్చింది మూడు నెలల క్రితం కాపరానికి వచ్చిన సత్యవేణమ్మ గారి కోడలు సువర్ణ. ఆఫీసరుగారికీ మాస్టారికీ వెండి గ్లాసులు, దేవసహాయానికి అరుగు చివర గూట్లో వేరే పెట్టే గాజు గ్లాసు. వెయ్యేళ్ళ తరవాత ఎవరైనా తవ్వితే ఈ గ్లాసు కూడా చాలా సంగతులే చెబుతుందని దేవసహాయం ఎప్పుడూ అనుకునేవాడు. ఎవరితోనూ అనలేదు.

"కుండ ఇక్కడే ఉంచవచ్చండి, చూసుకునే మనిషి జాగ్రత్తపరుడైతే," అన్నారు సుబ్బరాజు గారు.

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నారు సత్యవేణమ్మ గారు. బుట్ట ముందుకు తోసి, ఈ మహానుభావుడి జాగ్రత్త చూడండి బాబూ అని మొదలుపెట్టి, ఇరవై మూడు కుండల చరిత్రా ఏకరువు పెట్టారు. మాగాయ జాడీ దగ్గర కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఇదంతా నిజమేనా అన్నట్టు ఆఫీసరుగారు మాస్టారి వంక చూశారు.

"నిజమేనండి. చెయ్యి ఊరుకోదండి," అన్నారు మాస్టారు నేల చూపులు చూస్తూ.

గది పోయింది, గోడలు పోయాయి. "ఏమీ అనుకోకండి" అనడానికి కూడా దేవసహాయానికి ఓపిక లేకపోయింది. సుబ్బరాజు గారు మాత్రం బుట్టలోంచి ఒక పెంకు తీశారు. తరవాత ఇంకొకటి. మాగాయ జాడీ ముక్కలు నాలుగు పక్కపక్కన పేర్చారు. ఆయన ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని అదే.

"చిత్రంగా ఉందే. కావాలని కొడితే కొట్టిన చోట దెబ్బ కనపడాలి. వీటిలో ఒక్కదానికీ లేదు. ఇవన్నీ చేతిలోంచి..." అంటూ ఆగారు.

సువర్ణ చేతిలో పళ్ళెం గలగలమంది. దేవసహాయం ఆ పిల్ల వంక చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మాస్టారి వంక చూశాడు. ఆయన చేతులు రెండూ జోడించి, వద్దన్నట్టు ఆఫీసరుగారినే చూస్తున్నారు. ఆ పెంకులన్నీ తనే గీశాడు, దెబ్బ గుర్తు ఎక్కడా గీసిన జ్ఞాపకం లేదు. పదకొండేళ్ళు ఈ కళ్ళు ఏం చూశాయో అని దేవసహాయానికి తన మీద తనకే అసహ్యం వేసింది. నిజం ఒక్కటి బయటికి వస్తే మాస్టారు జాగ్రత్తపరుడే. గది దక్కుతుంది, బొమ్మలు గోడకెక్కుతాయి. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడి ఎరగని దేవసహాయం లేచి నిలబడ్డాడు.

"ఆయన కర్రతో కొట్టరండి. నడుం ఎత్తుకి ఎత్తి వదిలేస్తారండి. నేను కళ్ళారా చూశాను," అన్నాడు.

సుబ్బరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు. దేవసహాయాన్ని చూశారు, పళ్ళెం చూశారు, పెంకులు తిరిగి బుట్టలో పెట్టారు. అప్పుడు సత్యవేణమ్మ గారి వైపు తిరిగి, ఇలాంటి మనిషిని ఊరికే వదిలిపెట్టకూడదండి అన్నారు. ఈ పాత కుండ ఆయన దగ్గరే పెట్టి, ఏడాదికోసారి తనే వచ్చి తనిఖీ చేస్తానని, అలా భయం పెడితే గానీ దారికి రాడని చెప్పారు. తగిన శాస్తి అయిందని ఆవిడ తృప్తిగా లోపలికి వెళ్ళారు.

కుండ బడికి మోసుకుపోయే పని షరా మామూలుగా దేవసహాయం మీదే పడింది. వీధి మలుపు తిరిగాక, పక్కన నడుస్తున్న మాస్టారిని అడిగాడు.

"నిజం చెప్పండి మాస్టారూ. మీరు పగలగొట్టినవి ఎన్నండి?"

"ఒకటి. పెళ్ళయిన కొత్తలో, మా ఇంట్లోనే. పాలకుండ కాలికి తగిలింది. మా అమ్మ వచ్చేసరికి రాజ్యలక్ష్మి, నా చెయ్యి జారిందత్తయ్యా అంది. రెండు రోజులు దానికి అన్నం సరిగ్గా పెట్టలేదు మా అమ్మ. నేను పుస్తకం చదువుతున్నట్టు కూర్చున్నానయ్యా."

దేవసహాయం కుండని సర్దుకుని పట్టుకున్నాడు. "మరి ఈ ఇరవై మూడు సంగతులూ ఆవిడకి తెలియవాండీ?"

"భలేవాడివే. ఎవరింట్లో కోడలి చెయ్యి జారి చప్పుడైనా ముందు వినేది ఆవిడేనయ్యా. నా చేతిలో పుస్తకం లాక్కుని, లేవండి, మీరు పగలగొట్టిన కుండ ఒకటుంది, వెళ్ళి ఒప్పుకుని రండి అని తరుముతుంది."

దేవసహాయానికి నవ్వు ఆగలేదు. కుండ చేతుల్లో కదిలేసరికి గుండెకి ఆనించి పట్టుకుని, నవ్వు తగ్గేదాకా వీధి మధ్యలో అలాగే నిలబడ్డాడు.