చీనా డాక్టరు పాట

పోలీసు స్టేషనులో ఆ గదిలో ఉన్నవి: ఒక బల్ల, రెండు తీగల చీనా వాయిద్యం, అంకెలు రాసిన ఒక కాగితం. ఉన్నవాళ్ళు: సబ్‌ఇన్‌స్పెక్టరు, కానిస్టేబులు, నరసరావుపేటలో పళ్ళు కట్టే చీనా డాక్టరు, నేను. ఆరేళ్ళుగా ఆ గదిని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

యుద్ధం రోజులు. జపాను వాళ్ళు తీరం మీద దిగుతారని ఊరంతా వణుకు. చీనావాడెవరో జపానువాడెవరో తేడా ఎవరికి తెలుసు? డాక్టరు కొట్టు సోదా చేశారు. కాగితం దొరికింది. అంకెల కింద గీతలు, పైనా కిందా చుక్కలు. తంతి సంకేతాలేమోనని, మద్రాసులో వైర్‌లెస్ చదివి వచ్చిన నన్ను పిలిపించారు.

చూడగానే తెలిసింది. ఎన్నో సాయంత్రాలు ఆయన కొట్లో కూర్చుని నేర్చుకున్నదే అది. ఒకటి అంటే సా. కింద చుక్క ఉంటే మంద్రస్థాయి. కింద గీత ఉంటే సగం కాలం. ఐరోపా నుంచి వచ్చిన ఈ పద్ధతిలోనే వాళ్ళ దేశంలో బడిపిల్లలకు పాటలు రాసి ఇస్తారట. పాత వాయిద్యం మీద వయొలిన్ పద్ధతిలో వేళ్ళు నడపడం, పియానో విని కట్టిన కొత్త వరసలు, వందమంది రెండు పాయలుగా చీలి ఒకేసారి రెండు వరసలు పాడే పాటలు. ఇదంతా చెబుతుంటే పళ్ళు పీకే మనిషి కళ్ళు మెరిసేవి.

“ఏందయ్యా ఇది?” అన్నాడు సబ్‌ఇన్‌స్పెక్టరు.

“పాట,” అన్నాడు డాక్టరు. పాడాడు కూడా.

“పన్ను పీకితే మేం గూడా ఇట్టాగే పాడతాంలే,” కానిస్టేబులు నవ్వాడు.

సబ్‌ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. “నోటికొచ్చింది పాడితే ఎట్టా నమ్మేది? ఇంకోడు కాగితం చూసి ఇదే పాడితే ఒదిలేస్తా. అబ్బాయ్, నీకేమన్నా తెలుస్తందా?”

డాక్టరు ముఖం విప్పారింది. “తమ్ముడూ, నువ్వు పాడు.”

“నాకు తెలియదండీ,” అన్నాను.

“ఈ అబ్బాయి నీకు తమ్ముడేందయ్యా?” అన్నాడు సబ్‌ఇన్‌స్పెక్టరు.

డాక్టరు నన్నొక్కసారి చూశాడు. “పన్ను నొప్పికి వచ్చాడు. నేను అందరినీ తమ్ముడే అంటా.”

ఎందుకలా అన్నాను? సైన్యంలో వైర్‌లెస్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను, అది పోతుందని భయపడ్డాను అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ క్షణాన ఉద్యోగం గుర్తే లేదు. నన్నూ ఆయన పక్కన నిలబెడతారన్న భయం ఒక్కటే. ఆయన మాత్రం నన్ను తన పక్కకు లాగలేదు. ఒక్క మాటతో లాగగలిగి ఉండీ లాగలేదు.

ఆయన్ని గుంటూరు తీసుకుపోయారు. తిరిగి రాలేదు. ఎక్కడ ఉంచారో అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. ఇప్పటికీ పోలీసు టోపీ కనబడితే ఆ పాట నా గొంతులో మొదలవుతుంది. పళ్ళు బిగించి ఆపుకుంటాను.

క్షమించమని అడగను. క్షమించడం మీ చేతిలో లేదు. రాశాను, ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఆ రోజు పల్నాడు మొత్తం మీద ఆ కాగితం చదవగలవాళ్ళు ఇద్దరు.