మూడంగుళాలు ఎక్కువైన బల్ల

నా చిన్నప్పుడు నేను ఎవరినీ ఓ పట్టాన నమ్మేదాన్ని కాదు. పాలవాడు క్యాను మూత తీస్తే లోపలికి తొంగి చూసేదాన్ని. ఎవరైనా మిఠాయి పంచితే నా ముక్క చిన్నదేమోనని పక్కవాళ్ళ చేతుల్లోకి చూసేదాన్ని. ఇంట్లో అందరూ నన్ను అనుమానం పక్షి అనేవారు. ఇప్పుడు మనవలున్న మనిషిని, ఉక్కు ప్లాంటు బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన టీచర్ని, అయినా ఆ గుణం పోలేదు. మొన్న స్మృతి నగర్‌లో మా అబ్బాయి ఇంటికి కొత్త భోజనాల గది బొమ్మలు గీసుకుని ఒకమ్మాయి వచ్చినప్పుడు అది మళ్ళీ లేచి కూర్చుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. దానికి ముందు మా పాత క్వార్టరు గురించి చెప్పాలి.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ప్లాంటులో రోలింగ్ మిల్లులో చేరారు. మాకిచ్చిన క్వార్టరులో ముందు గది, వెనక వంటిల్లు, రెంటికీ మధ్య ఇరుకుగా ఒక నడిమి గది ఉండేవి. ఆ నడిమి గదిలోనే చాపలు వేసుకుని తినేవాళ్ళం. దుర్గ్ బజారులో కొని పేర్లు చెక్కించిన స్టీలు కంచాలు నాలుగుండేవి. తాతయ్యది, నాన్నది, నాది, తమ్ముడిది. అమ్మ పేరుతో కంచం లేదన్న సంగతి నాకు చాలాకాలం తట్టనే లేదు. అంత అనుమానం మనిషినై ఉండీ అసలు అనుమానించాల్సిన చోట గుడ్డిదాన్నయ్యాను.

మా వైపు కోడలు మామగారి ఎదుట కూర్చుని అన్నం తినదు. తాతయ్య ఊరు వదిలి మా దగ్గరికి వచ్చేశాక అమ్మ అందరికీ వడ్డించి, కంచాలు తీసి, వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. కాసేపటికి గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించేది. లోపల అమ్మ ఏం తింటుందో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం గట్టి నమ్మకం ఒకటి ఉండేది. మాకు తలా రెండు గుమ్మడి వడియాలు వేసి, మిగతావన్నీ దాచుకుని ఆ తలుపు వెనక ఒక్కర్తే తినేస్తోందని. తలుపుకి చెవి పెట్టి కరకరమన్న చప్పుడు వినబడుతుందేమోనని చూసేదాన్ని. రాసుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది, కానీ అనుకున్న మాట అనుకున్నట్టే చెప్పాలి కదా.

ఒక వేసవిలో అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు సరిగ్గా తింటోందా అని అడిగారు. తింటాది సార్ అన్నారు నాన్న. ఆయన అబద్ధం చెప్పలేదు, చూడలేదంతే. తిని చూపించమని ఇంటావిడని అడిగేవాళ్ళెవరు? ఎర్ర రంగు టానిక్కు సీసా ఇచ్చి పంపారు. ఆ సీసా అయిపోయింది, ఇంకోటి వచ్చింది. అమ్మ గాజులు మాత్రం మోచేతి దాకా జారుతూనే ఉన్నాయి. రెండోసారి గంజి వారుస్తూ తూలింది, వేడి గంజి పాదం మీద పడింది. మా క్లాసులో ఒక పిల్లకి అమ్మ లేదు. ఆ పిల్ల జడలు ఎప్పుడూ వంకరగా ఉండేవి. నా జడలు కూడా అలాగే అయిపోతాయేమోనని రోజూ అద్దంలో చూసుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే తాతయ్యకి మోకాళ్ళు పట్టేసి కింద కూర్చోలేకపోతున్నారని, నడిమి గదిలో భోజనాల బల్ల వేయిద్దామనుకున్నారు నాన్న. మా క్వార్టర్ల వరసలో అప్పటికి ఎవరింట్లోనూ బల్ల లేదు. పక్క క్వార్టరు మావయ్య తానే చేసిపెడతానన్నాడు. ఆయన విజయనగరం వైపు మనిషి. అమ్మ ఆయన్ని అన్నయ్య అనేది, అందుకని మాకు మావయ్య. ప్లాంటు ఫౌండ్రీలో ఏ ఇనుప సామాను పోతపోయాలన్నా ముందు దాని నమూనాని చెక్కతో చేస్తారు. దాన్ని పాటర్న్ అంటారు. మావయ్యది ఆ పని. మిషన్లు ప్యాకింగు చేసి వచ్చిన పెట్టెల చెక్క తెచ్చి, మా బల్లకని తన వరండాలో పేర్చుకున్నాడు.

చేసిపెడతానన్న వాడు చేసిపెట్టొచ్చు కదా. వారం రోజులు మా ఇంటి చుట్టూ తిరిగాడు. ఎవరు ఎక్కడ కూర్చుంటారని అడిగాడు. తాతయ్యకి ఏ వైపు గాలి కావాలి, నాన్న ఏ షిఫ్టులో ఎప్పుడు తింటారు, అమ్మ గిన్నెలు ఏ చేత్తో పట్టుకొస్తుంది, అన్నీ కావాలి ఆయనకి. ఒకరోజు అమ్మ వంటింట్లోంచి తాతయ్య చాప దాకా ఎన్ని అడుగులు వేస్తుందో గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాడు. చివరికి నడిమి గదిలోకి తెరుచుకునే వంటింటి తలుపుని మూసి, తెరిచి, మళ్ళీ మూసి, అది ఎంతదూరం తిరుగుతుందో సుద్దముక్కతో నేల మీద గీత గీశాడు. బల్లకీ తలుపుకీ ఏం సంబంధం? ఈయన మా ఇంట్లో దేనికోసమో కాపు కాస్తున్నాడని నేను తీర్మానించుకున్నాను. బడి నుంచి రాగానే ఆయన వరండా మెట్టు మీద పుస్తకం పెట్టుకుని కూర్చుని, ఆయనకి కాపలా నేను కాసేదాన్ని.

అలా కూర్చున్న మూడో రోజు దొంగ దొరికాడు. ఆయన సంచీలోంచి జారిన స్కేలు పక్కన నా బడి స్కేలు పెట్టి చూశాను. రెంటి మీదా పన్నెండు అంగుళాలే రాసి ఉంది, కానీ ఆయనది పొడుగ్గా ఉంది. పరుగెత్తుకెళ్ళి మావయ్యది దొంగ కొలత అని ఇంట్లో చెప్పేశాను. నాన్న చెవి మెలేసి నన్ను ఆయన దగ్గరికే లాక్కొచ్చారు.

మావయ్యకి కోపం రాలేదు, పైగా ముచ్చట పడ్డాడు. కరిగిన ఉక్కు చల్లారితే కుదించుకుపోతుందిట. అందుకని పాటర్న్ ముందే కాస్త పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టనక్కర్లేకుండా వాళ్ళ స్కేలు మీద అంగుళమే కొంచెం పెద్దదిగా ఉంటుంది. ఉక్కుకైతే అడుక్కి పావు అంగుళం. ఆ స్కేలుకి చివర కన్నంలో ఎర్ర దారం కట్టి ఉంది. ఇంటి పనులకి వాడే మామూలు స్కేలుకి దారం లేదు. "ఈ రెండూ తారుమారు చేసీసినోడు మా షాపులో ఒక్క పూట నిలవడమ్మా. చీకట్లో అయినా దారం తడిమి చూసుకుంటాను నేను" అన్నాడు. ఆ రోజు నుంచి నా కళ్ళు ఆ ఎర్ర దారం మీదే. ఆయన బల్ల కోసినన్నాళ్ళూ దారం లేని స్కేలునే పట్టుకోవడం నేను చూశాను.

ఆదివారం ఉదయం బల్ల వచ్చింది. ఎంత నున్నగా చిత్రిక పట్టాడో, తమ్ముడు చెంప ఆనించి పడుకున్నాడు. వంటింటి గోడ వెంబడి, మూల నుంచి తలుపు చట్రం దాకా అయిదడుగులు. ఆ కొలతకి చెయ్యాలి. మావయ్య బల్లని మూలకి జరిపి, గోడకి బ్రాకెట్లు వేసి బిగించేశాడు. తీరా చూస్తే బల్ల కొస చట్రాన్ని దాటి తలుపుకి అడ్డంగా వచ్చేసింది. తెరిచి ఉన్న వంటింటి తలుపు మూయబోతే బల్లకి కొట్టుకుని ఆగిపోయింది. అడుగు వెడల్పున సందు మిగిలింది.

తాతయ్యకి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "ఏటిది నాయినా, ఇన్నేళ్ళ సర్వీసులో నేర్చుకున్నదిదేనేటి?" అన్నారు. మావయ్య బుర్ర గోక్కున్నాడు. "స్కేలు తారుమారైపోనాది బాబూ. షాపు స్కేలుతో కోసీసినాను. వచ్చే ఆదివారం సరిచేసీస్తాను, ఈ వారానికి సర్దుకోండి" అన్నాడు. అందరూ సరే అన్నారు. నేను మాత్రం అనలేదు. ఆయన సంచీ సర్దుకుని వెళ్ళగానే నా స్కేలు తెచ్చి బల్ల ఎంత దాటిందో కొలిచాను. మూడంగుళాలు. షాపు స్కేలు వల్లే అయితే అయిదడుగులకి అంగుళంపావు ఎక్కువ రావాలి. మూడెలా వచ్చింది? మావయ్య పొరపాటు చెయ్యలేదు, అబద్ధం చెప్పాడు. ఎందుకు చెప్పాడో మాత్రం అంతుబట్టలేదు.

ఆ మధ్యాహ్నమే తెలిసింది. మావయ్య చెప్పిన చోటే తాతయ్య కుర్చీ వేశారు. దాని పక్కన వరసగా నాన్నది, మా పిల్లలవి. అమ్మ వడ్డించి, అలవాటుగా వంటింట్లోకి వెళ్ళి తలుపు లాగింది. అది కొట్టుకుని ఆగింది. ఇంకోసారి లాగింది. తర్వాత వదిలేసి, వీలైనంత గోడ వారగా జరిగింది. కానీ ఆ సందు సరిగ్గా తాతయ్య కళ్ళెదురుగా ఉంది.

అమ్మ నిలబడే ఉంది. చేతిలో కంచం లేదు. అన్నం గిన్నె అడుగున అంటుకున్న మాడుచెక్క గీకి, దాని మీద కాస్త గంజి పోసుకుని, ఉప్పు వేసి, గిన్నెలోంచే రెండు మూడు ముద్దలు తింది. వడియాలూ లేవు, కూరా లేదు. ఆ ఎండలో, పొయ్యి పక్కన, మా కంచాలు ఖాళీ అయ్యాయా అని మధ్యమధ్యలో చూస్తూ గబగబా తింది. తిని చెయ్యి కడుక్కుని గిన్నెలు ముందేసుకుంది. అంతా కలిపి నేను ఒక ఎక్కం చదివినంత సేపు కూడా పట్టలేదు. దాచుకు తింటోందని నేను చెవి పెట్టి విన్నది దీన్నే. నాకు ఏడుపొచ్చింది.

తలెత్తి చూస్తే నాన్న చెయ్యి అన్నంలో అలాగే ఉండిపోయింది. తాతయ్య కూడా చూశారు. ఎప్పటి నుంచి ఇలా తింటోందని అప్పుడు అడిగితే ఎవరి మొహం ఎక్కడ పెట్టుకోవాలి? చివరికి తాతయ్య కష్టం మీద లేచి, కుర్చీ రెండు చేతులా పట్టుకుని కిటికీ వైపు జరిపి తిప్పుకున్నారు. బల్లకి వీపు పెట్టి కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకున్నారు. "నాకు ఇటు గాలి బాగుంది. నేనెవర్నీ చూడట్లేదు. కోడలు పిల్లని కంచం తెచ్చుకుని కూకోమను" అన్నారు నాన్నతో, కిటికీ లోంచి బయటికి చూస్తూ. అమ్మ రానంది. నాన్న తన కంచం కడిగి తెచ్చి, అన్నం పెట్టి, తాతయ్య ఖాళీ చేసిన చోట ఉంచి, తన కుర్చీ అక్కడికి జరిపారు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, కుర్చీ అంచున సగమే కూర్చుని, మొదటి ముద్ద తింది. బతికున్నన్నాళ్ళూ మా తాతయ్య కిటికీ వైపు తిరిగే భోంచేశారు. బల్ల కోసి సరిచెయ్యమని మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆచారం తప్పలేదు, అమ్మ భోజనమూ తప్పలేదు. కొన్ని నెలలకి గాజులు మళ్ళీ మణికట్టు దగ్గర ఆగడం మొదలుపెట్టాయి.

మర్నాడు నా లెక్క కాగితం పట్టుకుని మావయ్య దగ్గరికి వెళ్ళాను. అంగుళంపావు ఎక్కడ, మూడెక్కడ అని నిలదీశాను. ఆయన అటూ ఇటూ చూసి నన్ను మెట్టు మీద కూర్చోబెట్టాడు. వంటింటి కిటికీలోంచి అమ్మ సంగతి మొదట చూసింది ఆయన భార్య, మా అత్తయ్యట. ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే అమ్మ ఒట్టు వేయించుకుని నోరు మూయించిందట. "నీ పెళ్ళాం తిండి తినట్లేదని మీ నాన్నకి నేనెలగ చెప్తానమ్మా? మనసు కష్టపెట్టుకుంటాడు, సిగ్గుపడతాడు. అందుకే కళ్ళకి కనబడీలాగ చేసినాను. అంగుళంపావైతే చిత్రిక పట్టీమంటారు. మూడైతే రంపం కావాల, ఆలీసమవుతాది" అన్నాడు. ఎవరికీ చెప్పనని నా చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు.

నేను చెప్పలేదు. ఆయన మాత్రం దానికి మూల్యం చెల్లించాడు. స్కేళ్ళు తారుమారు చేసిన పాటర్న్ మేస్త్రీ అని వరస వరసంతా నవ్వింది. ఆ నవ్వు షాపు దాకా పోయింది. స్కేలు మారితే అంగుళంపావే కదా అని వాళ్ళంటే, లెక్క కూడా తప్పానని ఒప్పేసుకున్నాడు. రిటైరయ్యే రోజు దాకా తోటివాళ్ళు ఆయన్ని మూడంగుళాల మేస్త్రీ అనే పిలిచారు. పనిలో అంత గర్వమున్న మనిషి ఒక్కసారి కూడా అసలు సంగతి చెప్పుకోలేదు. ఊరికి వెళ్ళిపోతూ ఎర్ర దారం స్కేలు నా చేతిలో పెట్టాడు.

ఇక మొన్నటి సంగతి. దుర్గ్ నుంచి వచ్చిన ఆ డిజైనరు అమ్మాయి బొమ్మలు బాగానే గీసింది. పైనుంచి వేలాడే దీపం, గోడకి అద్దం, నాలుగు కుర్చీల బల్ల. వంటింటికీ భోజనాల గదికీ మధ్య పక్కకి జరిగే గాజు తలుపు. వంటింటి లోపల ఎత్తుగా ఒక కౌంటరు. నేను కుర్చీలు లెక్కపెట్టాను. మా అబ్బాయి, ఇద్దరు మనవలు, నేను. మా కోడలిది ఏదీ అని అడిగాను. "నాకెందుకత్తయ్యా, పొద్దున్న డ్యూటీ కంగార్లో కౌంటర్ దగ్గర నించుని తినేస్తాను కదా, అదే సుఖం" అంది మా కోడలు నవ్వుతూ. ఆ నవ్వు నాకు తెలుసు. అమ్మది అదే నవ్వు. ఇన్నేళ్ళుగా ఆ పిల్ల డబ్బాలు సర్దుతూ, నిలబడి రొట్టె ముక్క నములుతుంటే నేను కూర్చుని తింటూ చూశాను. చూసి ఊరుకున్నాను. ఈ ఇంట్లో తాతయ్య కుర్చీలో కూర్చున్నది నేనే.

లేచి బీరువాలోంచి ఎర్ర దారం స్కేలు తెచ్చాను. అయిదో కుర్చీ వెయ్యమన్నాను. అలా అయితే బల్ల పెరిగి తలుపుకి అడ్డమొస్తుందంది ఆ అమ్మాయి. "దర్వాజా బంద్ నహీ హోగా, ఆంటీజీ." తలుపు మూతపడకపోతేనే మంచిది బేటీ అన్నాను. మా కోడలు నా వంక వింతగా చూసింది, తర్వాత ఎందుకో మొహం పక్కకి తిప్పుకుంది. మా అబ్బాయి మాత్రం అమ్మకి చాదస్తం పెరిగిందన్నాడు. అననీ. మావయ్యని అంతకన్నా ఎక్కువే అన్నారు.

గది ఇంకా కట్టలేదు. ఈలోగా నేను వంటింట్లోకి ఒక కుర్చీ జరిపించి, మా కోడలు అందులో కూర్చుని తినే దాకా పొద్దున్నే దాని పక్కన నిలబడుతున్నాను. ఇప్పటికీ నేను అనుమానం పక్షినే. ఎవరింట్లో భోజనానికి పిలిచినా ముందు కుర్చీలు లెక్కపెడతాను, తర్వాత వండినావిడ ఎక్కడుందా అని చూస్తాను. ఆవిడ కంచం పెట్టుకుని కూర్చునే దాకా నా చెయ్యి అన్నంలోకి పోదు.