అన్నకు ఆరెకరాలు, నాకు దవాఖాన

పొద్దున తహసీలు కచేరీలో ఏడు గంటలు కొట్టినప్పుడు అన్న మా చిన్నమ్మ బండెక్కాడు. వాడికి ఏడేళ్లు, నాకు ఆరు. చిన్నమ్మకు పిల్లలు లేరు. అలాంటి చెల్లెలికి అక్క ఒక కొడుకును ఇవ్వడం మా వైపు మామూలే.

ఎవరిని ఇవ్వాలో అమ్మ ఎక్కువ ఆలోచించలేదు. చిన్నమ్మ ఊరు మా ఇబ్రహీంపట్నం నుంచి నాలుగు కోసులు లోపలికి. ఆరెకరాల చెల్క, ఒక బావి ఉన్నాయి. ఎద్దులతో మోట తోలడానికి గట్టి పిల్లవాడు కావాలి. నాకు ఏటా వానాకాలం జ్వరం. దవాఖాన మా ఊళ్లోనే ఉంది. అందుకని అన్నకు భూమి వచ్చింది, నాకు దవాఖాన. అదృష్టం వాడిదేనని అందరూ అన్నారు. నేనూ అదే అనుకుని ఏడ్చాను.

పశువుల వెంట తిరిగే బలం లేదని నన్ను బడిలో వేశారు. చదువంతా ఉర్దూలో. ఇంట్లో ఎవరికీ ఆ అక్షరాలు రావు కాబట్టి నేను రాసిందంతా ఒప్పే.

మూడేళ్లకు అన్న చిన్నమ్మతో సంతకు వచ్చాడు. నన్ను వెతుక్కుంటూ వచ్చి బడి అరుగు మీద కూర్చున్నాడు. లోపల మేము పదమూడో ఎక్కం చెబుతూ తొమ్మిది దగ్గర ఆగిపోయాం. సంతల్లో తిరిగిన వాడికి ఉర్దూ అంకెలు తెలుసు.

"నూట పదిహేడు," అన్నాడు బయటి నుంచి, తెలుగులో.

మా పంతులు మౌల్వీసాబ్ బయటికి వచ్చారు. "ఎవరు నేర్పిన్రు రా?"

"ఎవరు లేరు సాబ్. పదమూడు కలుపుకుంట పోయిన."

సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. "ఈన్ని ఇక్కడ ఉంచమ్మా. కచేరీల కూసునేటోడైతడు."

"వీడు కూసుంటె మోటెవరు తోలాలె?" అంది చిన్నమ్మ.

అమ్మ తల ఎత్తలేదు. "ఇచ్చినోన్ని మళ్ల అడుగుతరా సాబ్? నా మాట పోదా?"

"మాట ఉంటది. పిల్లగాడేమైతడు?"

"ఆరెకరాలకు ఆసామైతడు."

మౌల్వీసాబ్ చెప్పులేసుకుని వెళ్లిపోయారు. చిన్నమ్మ బండి కట్టించింది.

"నీ కాళ్లు సన్నగున్నయని నిన్ను ఉంచుకున్నరు రా," అన్నాడు అన్న, బండి మీద నుంచి. "దొడ్డుగుంటె నువ్వే పోతుంటివి."

"మళ్లెప్పుడొస్తవ్ అన్నా?"

"ఎద్దుకు జ్వరమొస్తె."

నేను కచేరీలో గుమాస్తానయ్యాను. ఆ జీతంతో నా కొడుకు పట్నంలో చదివి ఇంజనీరయ్యాడు. అన్న ఆ ఆరెకరాలను కాపాడాడు. ఇప్పుడు ఆయన కొడుకు వాటినే కాపాడుతున్నాడు.

పోయిన నెల అన్న చనిపోయాడు. దినం నాడు ఎన్ని విస్తళ్లు కావాలో ఆయన మనవరాలు కాగితం లేకుండా చెప్పింది. వాళ్ల ఊరి బడి ఐదో తరగతితో ఆగిపోతుంది. ఈ పిల్ల ఐదు పూర్తి చేసింది. మా ఇంట్లో ఉంచి చదివిస్తానని అన్న కొడుకుతో అన్నాను.

"ఇయ్యం చిన్నాయినా," అన్నాడు. "మా బాపును ఇచ్చింది సాలు."

"నేను చదువుకు అడుగుతున్న."

"వాళ్లు భూమికి అడిగిన్రు. నువ్వు చదువుకు అడుగుతున్నవ్."

సాయంత్రం బస్సుకు ఒక్కణ్నే వచ్చాను.

మా కుటుంబంలో ఇప్పుడు బిడ్డల్ని ఇవ్వడం లేదు.