ఊరి ముందర ఆగిన పసుపు కారు

మా చిన్నాయన పోయి ఇంకా నెల తిరగలేదు. ఆ రోజు నేను కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే పిన్నమ్మ ఫోను చేసింది. "పాపా, మీ చిన్నాయన మండీలో కూర్చున్నట్లే ఒరిగిపోయినాడంట. పెద్దాసుపత్రికి ఎత్తుకపోయినారు. నువ్వు దగ్గర్లో ఉండావు, ముందు పో" అంది. నేను చేరేసరికే అంతా అయిపోయింది. టమాటా మండీ కూలీలు వరండాలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన చొక్కా జేబులో కళ్ళద్దాలు పగలకుండా అట్లాగే ఉన్నాయి.

మాది తమిళనాడు. ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతామే గానీ చదవడం, రాయడం దాదాపు ఎవరికీ రాదు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్న ఇది చిన్నాయన చదవగలిగేది కాదు. ఉండి ఉంటే పక్కన కూర్చుని చదివి వినిపించేదాన్ని.

ధర్మపురిలో ఆయన పేరు చెబితే చాలామందికి తెలియదు. పసుపు కారాయన అంటే మాత్రం ఆటో డ్రైవర్లు కూడా ఇల్లు చూపిస్తారు. దగ్గర్లోని వెల్లిచందై అనే పల్లెలో మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, బడి మానేసి, టమాటా లారీల్లో క్లీనరుగా చేరిన మనిషి. తర్వాత డ్రైవరయ్యాడు, లారీ కొన్నాడు, చివరకు మండీ పెట్టాడు. మా వంశంలో కాలేజీకి పోయిన మొదటి ఆడపిల్లను నేను. సేలం హాస్టలుకు నన్ను దింపింది ఆయనే, లారీలో ముందు సీటులో కూర్చోబెట్టుకుని. దారి పొడుగునా ఒక్క మాటే చెప్పాడు: "ఎవురన్నా నవ్వితే నవ్వనీ పాపా. నువ్వు మాత్రం మళ్ళీ తలుచుకోవద్దు."

ఆ మాట ఆయన తనకు తాను చెప్పుకున్నాడని నాకు అప్పుడు తెలియదు.

పిన్నమ్మ పుట్టిల్లు కారిమంగళం దగ్గర ఒక పల్లె. వాళ్ళ పెళ్ళినాడు బాడుగకు మాట్లాడిన బస్సు రాలేదు. పొద్దు మించిపోతోందని పెళ్ళివారంతా చిన్నాయన నడిపే లారీలోనే బయలుదేరారు. పందిరి ముందర లారీ ఆగగానే పిన్నమ్మ వాళ్ళ అన్న, "పెండ్లికొడుకు దిగినాడా, లోడు దిగినాదా?" అన్నాడట. అందరూ నవ్వారు. చిన్నాయన కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆయన ఆ ఇంటి గడప తొక్కలేదు. పండగలకు, శుభకార్యాలకు పిన్నమ్మను కారిమంగళం బస్టాండులో దింపి వెనక్కి తిరిగేవాడు. బావా బావమరుదులిద్దరూ ఎక్కడైనా ఎదురుపడితే మాట్లాడుకునేవాళ్ళు కాదు.

యాభై దాటాక, మండీ బాగా నిలదొక్కుకున్నాక, బెంగుళూరులో పాత కార్లు అమ్మేచోట ఆ ఇటలీ కారును చూశాడు. ఇద్దరే కూర్చునే కారు, ఇంజను వెనక ఉంటుంది. అదే రకంలో ఎర్రది, పసుపుది రెండు ఉన్నాయట. "ఎర్రది దినామూ మండీలో చూస్తానే ఉండాను కదా" అని పసుపుది తెచ్చుకున్నాడు. అప్పటికే ముగ్గురి చేతులు మారిన బండి. ఊరంతా వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఎందుకు కొన్నావని అడిగితే ఆయన నవ్వి ఊరుకునేవాడు. పిన్నమ్మ మాత్రం వంటింట్లో నాతో అంది: "నాకు తెలుసు పాపా. మా అన్న వాకిట్లో నిలబెట్టాలని."

కొనడం ఒక ఎత్తు, దాన్ని బతికించుకోవడం ఒక ఎత్తు అయింది. కారు ముక్కు నేలకు జానెడు ఎత్తులో ఉండేది. మా వీధి మలుపులో కూడా గీసుకునేది. చిన్న పనికైనా దాన్ని లారీ మీద ఎక్కించి బెంగుళూరు పంపాల్సిందే. ఒక టైరు వెలకు మామూలు మనుషులు స్కూటరు కొనుక్కోవచ్చు. ఎలుకలు వైర్లు కొరికితే ఆ వైర్ల కట్ట సముద్రం దాటి రావడానికి ఒక కాలమే గడిచిపోయింది. బెంగుళూరు మెకానిక్కు మొదటే హెచ్చరించాడు: "సార్, దీన్ని నిలబెట్టేస్తే చెడిపోతుంది. మెల్లగా ఈడ్చుకుంటూ పోతే క్లచ్చి కాలిపోతుంది. ఖాళీ రోడ్డు మీద తోలుతానే ఉండాలి." ఖాళీ రోడ్డు మాకు ఎక్కడిది? ఆదివారం తెల్లవారాక సేలం హైవే మీద కొంచెం దూరం పోయి వచ్చేవాడు. తిరిగొచ్చి మెత్తటి గుడ్డతో తుడుస్తూ, "నడిపితే అరిగిపోతాదని భయం. నడపకుంటే చెడిపోతాదని భయం. ఇట్లాంటి బతుకు ఎవురికీ వద్దు పాపా" అనేవాడు. ఆ మాటన్నప్పుడు ముఖంలో సంతోషమే కనపడేది.

పిన్నమ్మ పుట్టింటికి పోయే ప్రయాణం మాత్రం వాయిదా పడుతూనే ఉండేది. టైర్లు మార్చినాక అనేవాడు. ఏసీ బాగైనాక, వానలు పోయినాక అనేవాడు. ఈలోగా పిన్నమ్మకు మోకాళ్ళ నొప్పులు ముదిరాయి. "ఇది కూర్చునేది కాదు పాపా, బావిలోకి దిగేది" అని ఆ సీటును చూసి నవ్వేది.

పోయిన ఏడాది వాళ్ళ అన్న మంచం పట్టాడు. చెల్లెలితో కబురు పంపాడు: "బావను ఒకతూరి రమ్మని చెప్పు. ఆ పొద్దు నేనట్ల అనుండకూడదు." పిన్నమ్మ ఆ మాట చెబుతూ ఏడ్చింది. చిన్నాయన, "పోదాము. కారులోనే పోదాము" అన్నాడు.

"బస్సులో పోయినా మా అన్న సంతోషపడతాడు" అంది పిన్నమ్మ.

"కారులోనే" అన్నాడు.

హైవే వరకు బాధ లేదు. పల్లెలోకి తిరిగాక స్పీడు బ్రేకర్లు. వాటి కోసం వడ్రంగి దగ్గర రెండు చెక్క పలకలు కోయించాడు. కారులో పెట్టడానికి చోటు లేక, వాటిని నా స్కూటీకి కట్టుకుని నేను వెనకాల వెళ్ళాను. ప్రతి బ్రేకరు దగ్గర నేను ముందుకు పోయి పలకలు వేయడం, ఆయన అంగుళం అంగుళం ఎక్కించి దింపడం, నేను మళ్ళీ పలకలు కట్టుకోవడం. కొత్త పట్టుచీరలో పిన్నమ్మ లోపల బిగదీసుకుని కూర్చుంది. పొలాల్లోంచి జనం పరిగెత్తి వచ్చారు. చిన్నాయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

ఊరి ముందర ఆఖరి బ్రేకరు మీద కాలిన వాసన వచ్చింది. ఇంజను తిరుగుతోంది, బండి మాత్రం కదలడం లేదు. మెకానిక్కు చెప్పినట్లే అయింది. క్లచ్చి కాలిపోయింది. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. పిన్నమ్మను పైకి లాగడానికి నాకు ఇద్దరు ఆడవాళ్ళు సాయం వచ్చారు.

"రాండి, నడిచి పోదాము. ఇదో, మా వీధి కనపడతాండాది" అంది పిన్నమ్మ.

"నువ్వు పో. నేను బండి దగ్గర ఉంటా. ఇంత జనం ఉండారు."

"ఎవురేమి చేస్తారు దాన్ని? బీగం ఏసి రాండి. మా అన్న ఎదురు చూస్తాంటాడు."

"నడిచి వచ్చేదానికా ఇంత దూరం దీంట్లో వచ్చింది?" అన్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "బండిని లారీ ఎక్కించినాక వస్తా, పో" అన్నాడు.

పిన్నమ్మ నా భుజం పట్టుకుని నొప్పి కాళ్ళతో నడిచింది. లోపల వాళ్ళ అన్నను దిండ్లకు ఆనించి వాకిలి కనపడేలా కూర్చోబెట్టారు. ఆయన చెల్లెలిని చూశాడు, నన్ను చూశాడు, మా వెనక్కి చూశాడు. మధ్యాహ్నం అన్నం క్యారియరులో పెట్టి పంపించారు. చిన్నాయన కల్వర్టు మీద కూర్చుని తిని, గిన్నెలు కడిగి తిప్పి పంపాడు. బెంగుళూరు నుంచి లారీ వచ్చేసరికి పొద్దు గుంకింది. కారును ఒంటరిగా పంపడానికి మనసొప్పక ఆయన కూడా లారీలోనే ఎక్కి వెళ్ళిపోయాడు.

కొత్త క్లచ్చి ఇటలీ నుంచి రాకముందే పిన్నమ్మ వాళ్ళ అన్న చనిపోయాడు. ఆ పొద్దు చిన్నాయన, నేను, పిన్నమ్మ బస్సులో కారిమంగళం దిగి ఆటోలో వెళ్ళాం. పెళ్ళి తర్వాత మొదటిసారి ఆయన ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. చనిపోయినాయన భార్య ఈయన్ను చూసి నెమ్మదిగా అంది: "కారు ఆగిన ఆ పొద్దు రాత్రి దాకా తలుపు మూయనీలేదన్నా. వస్తాడు, వస్తాడు అంటానే ఉండినాడు." చిన్నాయన శవం కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఎత్తేవరకూ అక్కడి నుంచి లేవలేదు.

తర్వాత కారు బాగై ఇంటికి వచ్చింది. ఆదివారాలు మాత్రం ఆగిపోయాయి. ఒకసారి నేను పోయేసరికి షెడ్డులో దాని పక్కన కుర్చీ వేసుకుని ఉన్నాడు. "బయటికి తీయలేదా చిన్నాయనా?" అని అడిగాను.

"అది ఆగినందుకు నాకు బాధ లేదు పాపా. యంత్రం, ఆగుతాది. నేనెందుకు ఆగినాను?" అన్నాడు.

ఆయన పక్కన నేలమీద కూర్చున్నాను. నా పిల్లల చదువు గురించి అడిగాడు. చెప్పాను.

చిన్నాయన దినాలయ్యాక పిన్నమ్మ కారును అమ్మేయమంది. పోయిన వారం కొన్నవాళ్ళు పొద్దున్నే లారీ తెచ్చి, గొలుసులతో కారును పైకి లాగి కట్టుకున్నారు. భర్త పోయినామె ఇన్నాళ్ళలోపు వాకిలి దాటకూడదని మా వాళ్ళ కట్టు. పిన్నమ్మ ఎవరినీ అడగలేదు. నా చేయి పట్టుకుని గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. ఎండ నేరుగా కళ్ళల్లో పడుతోంది. గాజులు లేని చేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని, లారీ బెంగుళూరు రోడ్డుకు తిరిగేదాకా చూసింది. తిరిగిపోయాక కూడా ఆ చేతిని చాలాసేపు దించలేదు.